ఆపరేషన్ ఒక దేశంలో, కుట్లు విప్పేది మరో దేశంలో

సంపాదకుల వారికి,

విదేశీ ప్రయాణాల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో వీసా, టికెట్లు, సామాను బరువు, కరెన్సీ అన్నీ ఉంటాయి. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి ‘బీమా తీసుకోండి, రోజూ వేసుకునే మందులు వెంట పెట్టుకోండి’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. మధ్యలో జారిపోయే సంగతి ఒకటుంది. చిన్న ఆపరేషన్ అయిన వారానికే విమానం ఎక్కేవాళ్లున్నారు. ప్రయాణంలో ఉండగానే కిందపడి కుట్లు వేయించుకున్నవాళ్లు, గడ్డ కోయించుకున్నవాళ్లు ఉన్నారు. కోసి కుట్టే డాక్టరు వీళ్లకు ఎక్కడైనా దొరుకుతాడు. ఆ తర్వాతి పని చూసే మనిషి దొరకడమే కష్టం. కట్టు ఎవరు మార్చాలి, కుట్లు ఎవరు విప్పాలి, గాయం ఎర్రబడితే ఎవరికి చూపించాలి? చేసిన డాక్టరు మరో దేశంలో ఉంటాడు, ఎదురుగా ఉన్న డాక్టరు ‘ఇది నేను చేసింది కాదు కదా’ అంటాడు. డ్రెస్సింగ్ గదిలో పనిచేసే మాలాంటి వాళ్లకు ఇది కొత్త కాదు. ప్రయాణాల పేజీ చదివేవాళ్లకూ తెలిస్తే బాగుంటుందని ఈ ఉత్తరం.

ముక్కూమొహం తెలియని పేషెంటు కుట్ల మీద చేయి వేయడానికి డాక్టరు వెనకాడితే ఆయన్ని తిట్టుకోనక్కర్లేదు. లోపల ఎన్ని పొరలు కుట్టారో, ఏ దారం వాడారో ఆయనకు తెలియదు. కుట్లు తీసిన మర్నాడు గాయం విచ్చుకుంటే మాట ఆయన మీదికే వస్తుంది. దీనికి తోడు డబ్బు లెక్క ఒకటుంది. చాలాచోట్ల ఆపరేషన్ ఫీజులోనే తర్వాతి చెకప్‌లు కలిసి ఉంటాయి. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) నిబంధనల ప్రకారం చాలా చిన్న ఆపరేషన్లకు 10 రోజుల దాకా, పెద్ద వాటికి 90 రోజులు చేసిన డాక్టరు ఫీజులోనే చెకప్ అంతా ఇమిడి ఉంటుంది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయనకు ఇది బొత్తిగా కొత్త కేసు.

అందుకే అడిగే తీరులోనే సగం పని ఉంది. క్లినిక్‌కు ఫోన్ చేసి ‘ఆపరేషన్ అయింది, చెకప్ కావాలి’ అంటే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు ‘మీ సర్జన్ దగ్గరికే వెళ్లండి’ అని పెట్టేస్తారు. అదే మాట ఇలా చెప్పి చూడండి: ‘ఎడమ ముంజేతి మీద 6 నైలాన్ కుట్లున్నాయి. వేసి 10 రోజులైంది. గాయం పొడిగా ఉంది, జ్వరం లేదు. కుట్లు తీయించుకోవాలి. ఆపరేషన్ కాగితం నా దగ్గరుంది.’ అప్పుడది పది నిమిషాల పనిగా మారుతుంది. చాలా దేశాల్లో ఆ పని నర్సే చేస్తుంది, డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఆగక్కర్లేదు. కట్టు మార్చడమైనా అంతే, ‘గాయం మీద కట్టు మార్చాలి, మూడు సెంటీమీటర్ల పొడవు, లోపల గాజ్ గుడ్డ పెట్టి ఉంది’ అని పని పేరుతో అడగాలి.

ఇలాంటి వాటికి ఎమర్జెన్సీ విభాగానికి పరుగెత్తడం దండగ. అక్కడ గుండెనొప్పులు, యాక్సిడెంట్లు ముందు వెళ్తాయి. కుట్లు తీయించుకోవాల్సిన మనిషి వరసలో అందరికంటే చివర. ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్, అర్జెంట్ కేర్ అని బోర్డున్న చోటు, పాలీక్లినిక్... వీటిలో ఏది దగ్గరుంటే అది సరిపోతుంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే మందుల షాపులోనే అడగండి. దగ్గరలో కుట్లు తీసే క్లినిక్ ఏదో ఫార్మసిస్టుకు తెలిసే ఉంటుంది. బీమా ఉంటే పాలసీ మీద ఉన్న సహాయ నంబరుకు ముందు ఫోన్ చేయడం మంచిది. వాళ్ల దగ్గర ఆ ఊరి ఆస్పత్రుల జాబితా ఉంటుంది. చాలా రాయబార కార్యాలయాలు కూడా స్థానిక డాక్టర్ల జాబితా వెబ్‌సైట్‌లో పెడతాయి.

ఇక ఆ కాగితం సంగతి. డిశ్చార్జి సమ్మరీ అని చేతిలో పెట్టేది చాలాసార్లు బిల్లుకు జత చేసే కాగితమే తప్ప గాయం చూసేవాడికి పనికొచ్చేది కాదు. ‘చిన్న ఆపరేషన్ జరిగింది, పేషెంటు పరిస్థితి బాగుంది, వారం తర్వాత రావాలి’ అన్న మూడు వాక్యాలతో మరో దేశంలో నర్సు ఏం చేస్తుంది? బయల్దేరే ముందే ఇవి రాయించుకోండి: ఏ తేదీన ఏ ఆపరేషన్ చేశారు, శరీరంలో ఎక్కడ, కుడా ఎడమా. మత్తు ఎలా ఇచ్చారు, అక్కడికక్కడ తిమ్మిరి ఇంజెక్షనా, వెన్నులో ఇచ్చారా, పూర్తి మత్తా. పైన వేసిన కుట్లు ఎన్ని, ఏ దారం, అది కరిగేదా తీయాల్సిందా, తీయాల్సిందైతే ఎన్నో రోజున. ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు ఇచ్చారు. పెన్సిలిన్, అయోడిన్, లేటెక్స్, ప్లాస్టర్ జిగురు లాంటి వాటికి ఎలర్జీ ఉందా. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి. చివర డాక్టరు ఈమెయిల్. మందులకు కంపెనీ పేర్లు కాకుండా అసలు మందు పేర్లు రాయించాలి, ఎందుకంటే బ్రాండు పేరు సరిహద్దు దాటితే ఎవరికీ తెలియకపోవచ్చు. కాగితం ఇంగ్లీషులో ఉంటే చాలాచోట్ల నెగ్గుకురావచ్చు. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. 04/05 అని రాస్తే ఒక దేశంలో మే 4, మరో దేశంలో ఏప్రిల్ 5. కుట్లు తీసే రోజును ఇలా అంకెల్లో రాసుకుంటే నెల తేడా వస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాయించండి. రక్తపరీక్షల అంకెల్లోనూ ఇదే గొడవ. షుగరు 180 అని ఒకచోట రాస్తే అదే మరోచోట 10 అవుతుంది, ఎందుకంటే మిల్లీగ్రాముల లెక్కను మిల్లీమోళ్లలోకి మార్చడానికి 18తో భాగిస్తారు. అంకె పక్కన యూనిట్ లేకపోతే చూసేవాళ్లు తికమకపడతారు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ అంటే 38 సెల్సియస్. ఇన్‌ఫెక్షన్ అనుమానించే గీత దాదాపు అదే కాబట్టి రెండు అంకెలూ గుర్తుంచుకోవడం మేలు.

అన్నిటికంటే ముఖ్యంగా, లోపల ఏదైనా మిగిల్చారా అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. గడ్డ కోసినచోట కుక్కిన గాజ్, ముక్కులో పెట్టిన ప్యాక్, డ్రెయిన్ గొట్టం, వేలి ఎముకలో గుచ్చిన సన్నని తీగ, మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ అనే సన్నని గొట్టం. స్టెంట్ విషయంలో జరిగే పొరపాటు ఘోరంగా ఉంటుంది. కిడ్నీ రాయి తీసి, నాళం వాచి మూసుకుపోకుండా స్టెంట్ పెట్టి పంపిస్తారు. నొప్పి తగ్గగానే మనిషి ప్రయాణాల్లో పడి దాన్ని మరిచిపోతాడు. కొద్ది వారాల్లో, మహా అయితే మూడు నెలల లోపు తీయాల్సిన స్టెంట్ నెలల తరబడి ఉండిపోతే దాని చుట్టూ రాయి పేరుకుంటుంది. అప్పుడు తీయడానికే మళ్లీ పెద్ద ఆపరేషన్ కావాలి. గాజ్ కుక్కితే ఎన్ని ముక్కలు కుక్కారో రాయించుకోవాలి. రెండు పెట్టి ఒకటే తీస్తే లోపలున్నది చీముకు ఇల్లవుతుంది.

కుట్లు తీసే రోజులు శరీరంలో చోటును బట్టి మారతాయి. ముఖం మీద 3 నుంచి 5 రోజులు, తల మీద 7 నుంచి 10, చేతుల మీద 7 నుంచి 10, ఛాతీ, పొట్ట, వీపు మీద 10 నుంచి 14, కాళ్ల మీద 10 నుంచి 14, మోకాలు, మోచేయి లాంటి కీళ్ల మీద, అరికాళ్ల మీద 14 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి తొందరగా అతుక్కుంటుంది. కీలు వంగినప్పుడల్లా గాయం లాగుతుంది కాబట్టి అక్కడ ఆలస్యం. ముఖం మీద కుట్లు ఎక్కువ రోజులుంచితే దారం వెంట చర్మం పెరిగి, రైలు పట్టాల్లాంటి మచ్చ మిగులుతుంది. మోకాలి మీద తొందరపడి తీస్తే మెట్లెక్కుతుండగా పగులుతుంది. ప్రయాణం వల్ల సరైన రోజు కుదరకపోతే కాలు, వీపు మీద రెండు రోజులు ఆలస్యం ఫర్వాలేదు కానీ ముందు తీయకూడదు. షుగరు ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఇంకా ఎక్కువ ఆగాలి. కుట్లు తీసినంత మాత్రాన గాయానికి బలం వచ్చేసినట్టు కాదు. మూడు వారాలకు కూడా అక్కడి చర్మానికి మామూలు చర్మం బలంలో దాదాపు అయిదో వంతే ఉంటుంది. సూట్‌కేసు ఎత్తే ముందు ఈ లెక్క గుర్తుకు రావాలి.

దారం రంగు చూసి అది ఏ దారమో తేల్చేయడం కుదరదు. నల్లగా ఉంటే నైలాన్ కావచ్చు, పట్టు దారం కావచ్చు. ప్రోలీన్ అనే నీలం దారం కరగదు, వైక్రిల్ అనే ఊదారంగు దారం కరుగుతుంది. కరిగే దారాల్లోనూ తేడాలున్నాయి. మామూలు వైక్రిల్ పూర్తిగా కరగడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది, పీడీఎస్ అనే మరో రకం దారానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కరిగే దారమే కదా అని వారం తర్వాత చూస్తే అది చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కంగారుపడి పీకించుకుంటారు. అన్నిటిలో చిక్కైనది చర్మం లోపలే పాములా పాకించి వేసే కుట్టు. పైకి రెండు కొసలే కనిపిస్తాయి, కొన్నిసార్లు చిన్న పూసలు బిగించి ఉంటాయి. అది ప్రోలీన్ అయితే ఒక కొస కత్తిరించి రెండో కొస పట్టుకుని నిదానంగా లాగాలి, దారమంతా ఒకే తీగలా వస్తుంది. ఈ సంగతి తెలియని చోట రెండు కొసలూ చర్మానికి సమానంగా కత్తిరించి ‘అయిపోయింది’ అని పంపేస్తే కరగని దారం మొత్తం లోపలే ఉండిపోతుంది.

మామూలు కుట్టు తీయడంలోనూ ఒక పద్ధతుంది. ఇది తెలిసి ఉంటే ఎదుటివాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో కనిపెట్టవచ్చు. ముందు సెలైన్‌తో ఎండిన పొక్కులు నానబెట్టి తుడుస్తారు. ఫోర్సెప్స్‌తో (చిన్న చిమటాతో) ముడి పట్టి కొద్దిగా పైకెత్తితే, అప్పటిదాకా చర్మం లోపలున్న దారం ఒక మిల్లీమీటరు తెల్లగా, తడిగా బయటికొస్తుంది. కత్తెర సరిగ్గా అక్కడ పడాలి. అలా కాకుండా బయట ఎండలో, దుమ్ములో ఉన్న దారం మధ్యలో కత్తిరించి లాగితే, ఆ మురికి దారమే గాయం లోపలి నుంచి ప్రయాణించి వస్తుంది. లాగడం కూడా గాయం వైపుకే లాగాలి, బయటికి లాగితే అంచులు విడిపోతాయి. మొదట ఒకటి విడిచి ఒకటి తీసి, గాయం నిలబడిందని చూశాకే మిగతావి తీస్తారు. ఆ మీద అడ్డంగా సన్నని కాగితపు పట్టీలు అతికిస్తారు. వాటిని ఎవరూ పీకక్కర్లేదు, అవే రాలతాయి. చివర్లో తీసినవి లెక్కపెట్టాలి. కాగితం మీద 6 ఉంటే ట్రేలో 6 ముడులుండాలి.

కుట్ల బదులు స్టేపుల్స్ ఉంటే వాటిని తీసే పరికరం వేరు, చిన్న క్లినిక్‌లో అది లేకపోవచ్చు. ఒక్కసారి వాడి పారేసే స్టేపుల్ రిమూవర్ ప్యాకెట్లలో దొరుకుతుంది. ఆపరేషన్ చేసినచోటే ఒకటి అడిగి తీసుకుని, చెక్ఇన్ సామానులో వేసుకోండి. కుట్లకు బదులు వైద్యానికి వాడే గమ్ముతో అతికించిన గాయమైతే పైన ఏ ఆయింట్‌మెంటూ రాయకూడదు, వాజెలిన్ లాంటి జిడ్డు తగిలితే ఆ పొర కరిగి గాయం తెరుచుకుంటుంది. మంచి ఉద్దేశంతో రాసే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు కూడా ఇదే పని చేస్తుంది. కట్టుకు కావలసిన సరుకు క్యాబిన్ బ్యాగులో ఉండాలి, చెక్ఇన్ సామాను తప్పిపోతే తిప్పలు. రోజు మార్చి రోజు కట్టు మార్చాల్సి ఉండి పది రోజుల ప్రయాణమైతే లెక్కకు అయిదు, పట్టుకెళ్లాల్సింది పది. తడిసినవి, జారినవి, తప్పుగా అంటించినవి ఉంటాయి మరి. ఆపరేషన్ అయిన 48 గంటల తర్వాత షవరు కింద నిలబడొచ్చు, కానీ స్విమ్మింగ్ పూల్, టబ్, సముద్రం గాయం పూర్తిగా మూసుకునేదాకా వద్దు. వెచ్చని సముద్రపు నీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది, తెరిచి ఉన్న గాయానికి, అందులోనూ లివరు జబ్బున్నవాళ్లకు అది ప్రాణాంతకం.

గాయం చెడుతోందని ఎప్పుడు అనుకోవాలి? మొదటి రెండు రోజులు అంచు వెంట కొద్దిగా ఎరుపు, వాపు మామూలే. ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా 5 నుంచి 10 రోజుల మధ్య బయటపడుతుంది, అంటే సరిగ్గా మనిషి మరో దేశంలో ఉన్నప్పుడు. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, సలపడం, చేయి పెడితే వేడిగా తగలడం, చీము, 38 డిగ్రీలు దాటిన జ్వరం దాని గుర్తులు. ఎరుపు ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీసి, పక్కన టైము రాయండి. ఆరు గంటల తర్వాత ఎరుపు గీత దాటిందంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నలుపు, గోధుమ రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. అక్కడ వేడి, గట్టిదనం, మెరుపు చూసి గీత గీయాలి. కంటికి కనిపించేదానికి ఏమాత్రం పొంతన లేనంత నొప్పి ఉండి, గంటగంటకూ పాకుతుంటే క్లినిక్ కోసం వెతకొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో 112 నంబరు పనిచేస్తుంది.

రక్తం కారితే శుభ్రమైన గాజ్ పెట్టి గడియారం చూసుకుని పది నిమిషాలు అదిమి పట్టాలి. ఆగిందా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తమే ఊడొస్తుంది. గాయం విచ్చుకుంటే లోపలికి నెట్టడం, ఇంట్లో టేపు లాగి అతికించడం చేయొద్దు. సెలైన్‌తో తడిపిన గాజ్ కప్పి చూపించండి.

చేసిన డాక్టరుకు ఫోటోలు పంపించడం మంచి అలవాటే. కాకపోతే హోటల్ గదిలో పసుపు లైటు కింద తీసిన ఫోటోలో ప్రతి గాయమూ ఎర్రగానే కనిపిస్తుంది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి తీయాలి. ఒకటి దగ్గరగా, ఒకటి కాలో చెయ్యో మొత్తం కనిపించేలా. రోజూ అదే దూరం, అదే చోటు. ఆయన చూసి సలహా చెప్పగలడు కానీ మందు రాయలేకపోవచ్చు. వేరే దేశపు ప్రిస్క్రిప్షన్ మీద మందుల షాపులు సాధారణంగా మందివ్వవు, ఐరోపా సమాఖ్య దేశాలు ఒకదాని చీటీని మరొకటి గుర్తించడం లాంటి ఏర్పాట్లు ఉన్నచోట తప్ప. కాబట్టి వీడియో కాల్‌లో ఆయన చెప్పింది అక్కడి డాక్టరుకు వినిపించే ఏర్పాటు చేసుకోండి. చీము పట్టినచోట కొత్త డాక్టరు యాంటీబయాటిక్ రాయబోతుంటే ముందు చీము కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు, పంపమని అడగండి. మందు మొదలయ్యాక తీసిన శాంపిల్‌లో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. అసలు గూడుకట్టిన చీముకు కోసి వదలడమే వైద్యం, మాత్రలతో అది పోదు.

నొప్పి మాత్రల దగ్గర రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి పేర్ల గందరగోళం. పారాసిటమాల్‌నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రెండు వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంటే రోజుకు 4 గ్రాముల హద్దు దాటి లివరు దెబ్బతింటుంది. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుందని మరవొద్దు. రెండోది చట్టం. ట్రామడాల్, కోడీన్ లాంటివి ఒక దేశంలో మామూలు చీటీ మీద దొరికినా, ఈజిప్టు, యూఏఈ లాంటి దేశాల్లో కఠిన నియంత్రణలో ఉన్నాయి. కాగితాలు లేకుండా, యూఏఈకైతే ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసవుతుంది. దేశాలవారీ నిబంధనలు అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ బోర్డు వెబ్‌సైట్‌లో ఉంటాయి. మందులు వాటి సొంత ప్యాకెట్లోనే, చీటీతో సహా ఉంచుకోవాలి.

విమానం సంగతి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా పడిపోవచ్చు. శరీరంలో చిక్కుకున్న గాలి అప్పుడు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. అందుకే బ్రిటన్ పౌర విమానయాన అథారిటీ మార్గదర్శకాల్లో చిన్న రంధ్రాల ఆపరేషన్‌కు 1 నుంచి 2 రోజులు, మామూలు పొట్ట ఆపరేషన్‌కు 4 నుంచి 5 రోజులు, పెద్దవాటికి 10 రోజులు ఆగమంటారు. కొత్తగా సిమెంటు కట్టు వేస్తే రెండు గంటల లోపు ప్రయాణానికి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు ఆగాలి. కంటి వెనక ఉండే రెటీనా పొర అతికించడానికి గ్యాసు బుడగ పెట్టినవాళ్ల విషయం వేరు, అది పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కనే కూడదు. ఏ గ్యాసు వాడారన్నదాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. ఉబ్బిన బుడగ కంటిలో ఒత్తిడి పెంచి చూపు పోగొడుతుంది. ఆ సమయంలో మరో ఆస్పత్రిలో లాఫింగ్ గ్యాస్‌తో మత్తిచ్చినా అదే ప్రమాదం. అందుకే ఈ పేషెంట్ల చేతికి పట్టీ కట్టి పంపుతారు, మణికట్టుకు అందంగా లేదని కత్తిరించి పారేయకండి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం చెప్పింది. మామూలు మనిషికి అది సుమారు 6,000 మందిలో ఒకరికి. ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకా ఎక్కువ. ప్రయాణం అయిపోయిన కొన్ని వారాల దాకా ఒక్క కాలి పిక్కలో వాపు, నొప్పి, లేదా ఉన్నట్టుండి ఆయాసం కనిపిస్తే ఎమర్జెన్సీ.

బీమా దగ్గర చాలామంది దెబ్బతింటారు. ట్రావెల్ పాలసీ అనుకోకుండా వచ్చిన జబ్బుకు. ముందే నిర్ణయించుకుని చేయించుకున్న ఆపరేషన్‌కూ దాని వల్ల తలెత్తిన ఇబ్బందికీ చాలా పాలసీలు చెల్లించవు. బయల్దేరే ముందు ఆపరేషన్ అయి ఉంటే అది ‘ముందునుంచీ ఉన్న జబ్బు’ కింద చేరుతుంది. చెప్పకుండా దాస్తే ఆ గాయంతో సంబంధం లేని క్లెయిమ్ కూడా ఇరుకున పడొచ్చు. ప్రయాణంలో గాయమై కుట్లు పడితే మొదటి వైద్యానికి ఇస్తారు, తర్వాతి కట్లకు, కుట్లు తీయడానికి ఇస్తారో లేదో సహాయ నంబరులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. డబ్బు కట్టినచోట మొత్తం అంకె ఉన్న రసీదు చాలదు. ఏ పనికి ఎంత అని విడివిడిగా ఉన్న బిల్లు, జబ్బు పేరు రాసిన కాగితం, మందుల చీటీ అసలు ప్రతులు కావాలి. ఊరు దాటాక వీటిని తెప్పించుకోవడం ఆపరేషన్ కంటే కష్టం.

ఎవరికీ గుర్తుకురాని కాగితం మరొకటుంది. పుట్టుమచ్చ, కణితి, గడ్డ ఏది కోసి తీసినా ఆ ముక్క సాధారణంగా ల్యాబుకు వెళ్తుంది. రిపోర్టు వారం పది రోజుల తర్వాత వస్తుంది, అప్పటికి పేషెంటు మరో దేశంలో ఉంటాడు. రిపోర్టు ఫైల్లో పడుకుంటుంది. ‘ఏమైనా ఉంటే చెప్తాం’ అన్న మాట నమ్ముకోవద్దు. శాంపిల్ నంబరు రాసుకుని, మీ ఈమెయిల్ ఇచ్చి, రాకపోతే మీరే అడగండి. మరోచోట మళ్లీ చూపించాల్సి వస్తే రిపోర్టు ఒక్కటే సరిపోదు, ఆ ముక్క పలచటి పొరలు అంటించిన గాజు స్లైడ్లు గానీ దాన్ని పొదిగి ఉంచిన మైనపు దిమ్మ గానీ కావాలంటారు. ల్యాబు దాన్ని వెంటనే పారేయదు, నంబరు ఉంటే వెతికి ఇస్తుంది.

విదేశంలో వైద్యం చేయించుకుని ఇల్లు చేరినవాళ్లకు కూడా ఒక మాట. విదేశీ ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకున్నా తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పాలి. బ్రిటన్ ఆస్పత్రుల్లో గత 12 నెలల్లో విదేశాల్లో ఇన్‌పేషెంటుగా ఉన్నవాళ్లకు మందులకు లొంగని బ్యాక్టీరియా కోసం స్వాబ్ పరీక్ష చేస్తారు, వేరే గదిలోనూ ఉంచవచ్చు. అది అవమానం కాదు, పక్క మంచం మనిషి కోసం. 2023లో మెక్సికోలోని మటమోరోస్‌లో రెండు క్లినిక్‌ల్లో వెన్నులో మత్తిచ్చి చేసిన ఆపరేషన్ల తర్వాత ఫంగస్ మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) వచ్చింది. అక్కడ చేయించుకున్నవాళ్లు లక్షణాలు లేకపోయినా పరీక్షలకు రావాలని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పిలిచింది, ఎందుకంటే తలనొప్పి వారాల తర్వాత మొదలవుతుంది. మత్తు ఎలా ఇచ్చారో రాయించుకోమన్నది ఇందుకే.

డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకుని అమెరికాకు తిరిగొచ్చినవాళ్లలో మరోరకం ఇన్‌ఫెక్షన్ బయటపడింది. క్షయ క్రిమికి చుట్టమైన మైకోబ్యాక్టీరియా అది. గాయం చక్కగా మానినట్టే ఉండి, వారాలకో నెలలకో ఆ మచ్చ మీదే ఎర్రటి గడ్డలు లేస్తాయి, పగులుతాయి, మామూలు యాంటీబయాటిక్ రెండు మూడు కోర్సులు వాడినా తగ్గవు. చీము పరీక్షకు పంపితే ‘ఏమీ పెరగలేదు’ అని వస్తుంది, ఎందుకంటే మామూలు కల్చర్‌ను కొద్ది రోజులకే ముగించేస్తారు, ఈ క్రిమికి ప్రత్యేకమైన కల్చర్ పెట్టి ఎక్కువ రోజులు ఆగాలి. ఆ పరీక్ష రాయాలని డాక్టరుకు తట్టాలంటే, పాత మచ్చ చూపించేటప్పుడే ఆపరేషన్ ఏ దేశంలో, ఏ నెలలో జరిగిందో పేషెంటు నోటి నుంచి రావాలి.

ఇట్లు,
డ్రెస్సింగ్ గదిలో పనిచేసే ఒక నర్సు